దారిలోని కీడును తొలగించటం - ప్రమాదం జరిగిన తర్వాత బాధ్యత ఎవరిది?

విశ్వాసానికి (ఈమాన్‌కు) డెబ్భైకి పైగా శాఖలున్నాయని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తెలియజేశారు. వాటిలో అన్నిటికన్నా ఉన్నతమైనది 'లా ఇలాహ ఇల్లల్లాహ్' అని పలకటం. అన్నిటికన్నా చిన్నది దారిలో నుంచి బాధ కలిగించే వస్తువును తొలగించటం. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది.

ఈ హదీసును మనం చాలాసార్లు విని ఉంటాం. మక్తబ్‌లో పిల్లలకు నేర్పే తొలి హదీసుల్లో ఇదొకటి. కాని 'అన్నిటికన్నా చిన్నది' అన్న మాట విని, ఇదేదో చేసినా చేయకపోయినా ఫరవాలేని పని అనుకునేవారున్నారు. అది పొరపాటు. ఈమాన్ శాఖల్లో చిన్నదైనా అది ఈమాన్‌లోని భాగమే. కొమ్మ చిన్నదని చెట్టు నుంచి విరిచి పారేయం కదా!

ప్రియ పాఠకులారా! ఈ నెల పాఠంలో ఈ హదీసును మన కాలపు రహదారుల మీద పెట్టి చూద్దాం. రోడ్డు ప్రమాదం జరుగుతుంది. గాయపడినవారిని ఆసుపత్రికి తీసుకుపోతారు. గుమికూడినవారు వెళ్ళిపోతారు. ఆ తర్వాత రోడ్డు మీద మిగిలిన గాజు పెంకులు, విరిగిన ఇనుప ముక్కలు, ఒలికిన డీజిలు, అడ్డంగా పడివున్న బండి ఎవరి బాధ్యత? బండి యజమానిదా? పోలీసులదా? ప్రభుత్వానిదా? దారిన పోయే మనదా? దీని గురించి మన ధర్మశాస్త్రం (ఫిఖహ్) ఏమంటున్నదో తెలుసుకుందాం.

ఒక మోటారు సైకిలు - ఇరవై ప్రాణాలు

2025 అక్టోబరు 24న తెల్లవారుజామున కర్నూలు సమీపంలోని చిన్నటేకూరు వద్ద జరిగిన దుర్ఘటన అందరికీ గుర్తుండే ఉంటుంది. హైదరాబాదు నుంచి బెంగుళూరు వెళ్తున్న ఒక ప్రైవేటు బస్సు 44వ జాతీయ రహదారి మీద మంటల్లో కాలిపోయింది. బస్సులోని 19 మంది ప్రయాణికులు సజీవ దహనమయ్యారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

ఆ మంటలకు మూలం ఏమిటి? పోలీసులు తెలిపిన ప్రకారం, బస్సు రాకముందే అక్కడ మరొక ప్రమాదం జరిగింది. ఇద్దరు యువకులు వెళ్తున్న మోటారు సైకిలు అదుపుతప్పి డివైడరును గుద్దుకుంది. నడిపే యువకుడు అక్కడికక్కడే మరణించాడు. వెనుక కూర్చున్నతను మృతదేహాన్ని పక్కకు లాగాడు. రోడ్డు మీద పడివున్న బండిని తీయబోయే లోపలే బస్సు వచ్చి దాని మీదుగా పోయింది. బండి బస్సు కింద ఇరుక్కుని కొంతదూరం ఈడ్చుకుపోయింది. నిప్పు పుట్టింది. ఈ బస్సుకు ముందు కొన్ని వాహనాలు ఆ బండిని దాటి వెళ్ళాయని కూడా దర్యాప్తు వార్తల్లో వచ్చింది.

ఇందులో ఎవరి నేరం ఎంత అన్నది తేల్చవలసింది న్యాయస్థానం. ఆ పని మనది కాదు. మనం గ్రహించవలసిన పాఠం వేరే ఉంది. మొదటి ప్రమాదంలో పోయింది ఒక్క ప్రాణం. ఆ ప్రమాదం మిగిల్చిన వస్తువు దారిలో ఉండిపోవటం వల్ల మరో 19 ప్రాణాలు పోయాయి. దారిలోని కీడును తొలగించటం ఈమాన్‌లో భాగమని మహాప్రవక్త (స) పద్నాలుగు వందల ఏళ్ళ క్రితం చెప్పిన మాట ఎంత బరువైనదో ఇక్కడ అర్థమవుతుంది.

హదీసుల వెలుగులో

ఒక మనిషి దారిన పోతూ ముళ్ళకొమ్మ పడివుండటం చూసి దాన్ని పక్కకు తీశాడు. అల్లాహ్ అతని పనిని మెచ్చి అతణ్ణి క్షమించాడు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. ఆ మనిషి పేరేమిటో, అతను చేసిన ఇతర ఆరాధనలేమిటో హదీసులో లేదు. ఒక్క కొమ్మను తీయటమే అతని క్షమాభిక్షకు కారణమైంది.

హజ్రత్ అబూ బర్జా (రజి) తనకు లాభం చేకూర్చే ఒక విషయం నేర్పమని దైవప్రవక్త (స)ను అడిగారు. ముస్లింల దారి నుంచి బాధించే వస్తువును తొలగించమని ఆయన బోధించారు (ముస్లిం). మనిషి శరీరంలోని ప్రతి కీలు తరఫునా ప్రతి రోజూ ఒక సదఖా ఉందని, దారిలోని కీడును తీయటం కూడా సదఖాయేనని మరో హదీసులో ఉంది (బుఖారీ, ముస్లిం). చేతిలో పైసా లేని పేదవాడు కూడా ఈ దానం చేయగలడు.

ఇమామ్ బుఖారీ (రహ్మతుల్లాహి అలైహి) తమ 'అల్ అదబుల్ ముఫ్రద్'లో ఒక సంఘటన పొందుపరిచారు. హజ్రత్ మాఖల్ బిన్ యసార్ (రజి) దారిలో బాధించే వస్తువును చూసి తొలగించారు. ఆయన వెంట ఉన్న ముఆవియా బిన్ ఖుర్రా కాస్త ముందుకు పోగానే మరొకటి కనిపించింది. వెంటనే వెళ్ళి తీసేశారు. ఎందుకు తీశావని ఆయన అడిగితే, మీరు చేయటం చూసి నేనూ చేశానన్నారు. అప్పుడు మాఖల్ (రజి) సంతోషించి, ఇలా తొలగించినవానికి ఒక పుణ్యం రాయబడుతుందని, ఎవరి పుణ్యం ఒక్కటైనా స్వీకరించబడిందో వారు స్వర్గంలో ప్రవేశిస్తారని దైవప్రవక్త (స) చెప్పిన మాట వినిపించారు. తల్లిదండ్రులు గమనించాలి. పిల్లలకు ఈ పని అబ్బేది మన మాటలు విని కాదు, మన చేతులు చూసి.

మరొక విషయం. కొన్ని హదీసుల్లో 'ముస్లింల దారి' అనీ, కొన్నిటిలో 'ప్రజల దారి' అనీ వచ్చింది. దాహంతో ఉన్న కుక్కకు నీళ్ళు తాపిన మనిషిని అల్లాహ్ క్షమించాడని, ప్రాణమున్న ప్రతి జీవి విషయంలోనూ పుణ్యముందని మహాప్రవక్త (స) బోధించారు (బుఖారీ, ముస్లిం). కాబట్టి ఆ దారిన వచ్చేవాడు ఏ మతంవాడు, ఏ ఊరివాడు అని చూడవలసిన పని లేదు. రోడ్డు మీది గాజుపెంకు ఎవరి కాలిని గుచ్చుకున్నా నొప్పి ఒక్కటే.

ఫిఖహ్ ఏమంటున్నది?

ఇంతవరకు పుణ్యం సంగతి. ఇక బాధ్యత (జమాన్) సంగతి చూద్దాం. మన మదరసాల్లో బోధించే హనఫీ గ్రంథం 'హిదాయా'. దీన్ని ఇమామ్ బుర్హానుద్దీన్ మర్గీనానీ (రహ్) రచించారు. ఆయన హిజ్రీ 593 (క్రీ.శ. 1197)లో మరణించారు. అందులో దారి మీద వస్తువులు పెట్టేవారి గురించి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. మోటారు బండ్లు లేని రోజుల్లో రాసినా అందులోని సూత్రాలు ఈనాటి రహదారులకు చక్కగా వర్తిస్తాయి.

మొదటి సూత్రం: దారిలో నడవటం అందరి హక్కు. అయితే ఇతరులకు హాని కలగకూడదన్నది ఆ హక్కుకు షరతు. తప్పించుకోగల హాని విషయంలో ఈ షరతు వర్తిస్తుంది. గుర్రం డెక్కల కింది నుంచి లేచిన దుమ్ము, చిన్న గులకరాయి ఎవరికైనా తగిలితే రౌతుది బాధ్యత కాదు. దాన్ని తప్పించటం అతని వశంలో లేదు. పెద్ద రాయి లేచి తగిలితే మాత్రం అతనే బాధ్యుడు. అలాగే నడుస్తున్న పశువు వెనుక కాలితో తన్నితే యజమానికి బాధ్యత లేదు. కాని దారిలో దాన్ని నిలబెట్టి ఉంచినప్పుడు తన్నితే బాధ్యత ఉంది. ఎందుకంటే నడిచే పశువు కాలిని ఆపలేకపోయినా, దారిలో నిలబెట్టకుండా ఉండటం అతని చేతిలో ఉన్న పనే. రాత్రివేళ దీపాలు లేకుండా రోడ్డు మీదే లారీ ఆపి నిద్రపోయేవారు ఈ మస్అలాను ఆలోచించాలి. ప్రయాణంలో రాత్రి మజిలీ చేస్తే దారికి దూరంగా దిగమని దైవప్రవక్త (స) ఆజ్ఞాపించారు (ముస్లిం).

రెండవ సూత్రం: దారిలో రాయి పెట్టినవాడు, నీళ్ళు పోసినవాడు దానివల్ల కలిగిన నష్టానికి బాధ్యుడు. బరువు మోసుకుపోతుంటే అది జారిపడి, మరొకడు దానికి తట్టుకుని పడినా మోసినవాడిదే బాధ్యత. లారీ మీద నుంచి మిర్చి టిక్కీలు, గ్రానైట్ ముక్కలు జారిపడే మన ప్రాంతంలో ఇది గుర్తుంచుకోవలసిన మాట. తాడు సరిగ్గా బిగించకుండా బయలుదేరి, పడ్డాక 'నేను చూడలేదు' అంటే సరిపోదు.

మూడవ సూత్రం మన ప్రశ్నకు అతి దగ్గరగా ఉంది. ఒకతని గోడ దారి మీదికి ఒరిగింది. దాన్ని తీసేయమని సాక్షుల ఎదుట హెచ్చరించారు. అవకాశం ఉండి కూడా అతను తీయలేదు. గోడ కూలి ఒక మనిషి చనిపోతే యజమాని బాధ్యుడు. ఇక్కడ హిదాయాలో మరో సూక్ష్మ విషయం ఉంది. కూలిన గోడ శిథిలాలకు తట్టుకుని రెండో మనిషి చనిపోతే దానికి కూడా యజమానే బాధ్యుడు. కాని గోడ కింద చనిపోయిన మొదటి మనిషి మృతదేహానికి తట్టుకుని మరొకడు పడిపోతే యజమాని బాధ్యుడు కాడు. కారణం? శిథిలాలు అతని ఆస్తి, వాటిని తొలగించటం అతని విధి. మృతదేహాన్ని తీయటం మృతుని వారసుల విధి.

సోదరులారా! ఈ మస్అలాను నిదానంగా చదవండి. కూలిన తర్వాత కూడా, విరిగిన తర్వాత కూడా వస్తువు మీద యజమాని బాధ్యత పోదు. బాగున్నప్పుడు 'నా బండి' అన్నవాడు, తునాతునకలయ్యాక 'రోడ్డు మీది చెత్త' అని చేతులు దులుపుకోలేడు. ఆ ముక్కలు కూడా అతనివే. కాబట్టి ప్రమాదంలో మిగిలిన శకలాలను తీయటం, తీయించటం అన్నిటికన్నా ముందు బండి యజమాని బాధ్యత. తను గాయపడివుంటే, స్పృహలో లేకపోతే అతని మీద నింద లేదు. అల్లాహ్ ఎవరి మీదా శక్తికి మించిన భారం వేయడు. అప్పుడు వెంట ఉన్నవారు, బండి తరఫువారు చూసుకోవాలి.

నాలుగవ సూత్రం: ప్రజల దారులు, వంతెనలు బాగుచేయటం ప్రభుత్వ ఖజానా (బైతుల్ మాల్) విధి. ఖరాజ్ సొమ్మును వంతెనల వంటి ప్రజావసరాలకు ఖర్చు చేయాలని ఫుఖహా రాశారు. కాబట్టి యజమాని చేయలేనప్పుడు, చేయనప్పుడు ప్రభుత్వమే తీయించాలి. ఖర్చు యజమాని నుంచి రాబట్టుకోవచ్చు.

ఐదవది దారిన పోయేవారి విషయం. మామూలుగా ఇది పుణ్యకార్యం (ముస్తహబ్). కాని ప్రాణాలకు ముప్పు కళ్ళెదుట కనిపిస్తూ, ఆపగల శక్తి మనకుండి, మరెవరూ లేనప్పుడు అది కేవలం పుణ్యకార్యంగా మిగలదు, విధిగా మారుతుంది. ఒక ప్రాణాన్ని కాపాడటం సమస్త మానవుల్ని కాపాడినట్లేనని అల్లాహ్ మాయిదా సూరాలో తెలియజేశాడు.

మన దేశ చట్టం

మన దేశ చట్టంలో ఉన్నదీ దీనికి దూరం కాదు. 1988 మోటారు వాహనాల చట్టం 127వ సెక్షను ప్రకారం పాడైపోయి, కాలిపోయి రోడ్డు మీద ప్రమాదకరంగా పడివున్న వాహనాన్ని వెంటనే తొలగించేలా ఆ ప్రాంతపు పోలీసు అధికారి ఆదేశించవచ్చు. లాగించిన ఖర్చంతా యజమానే భరించాలి. 201వ సెక్షను ప్రకారం చెడిపోయిన బండిని రాకపోకలకు అడ్డంగా ఉంచితే జరిమానా ఉంది. అయితే ప్రమాదానికి గురైన బండి విషయంలో తనిఖీ పూర్తయిన తర్వాతే అది లెక్కకు వస్తుంది. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో 285వ సెక్షను కింద ప్రజల దారిలో ప్రమాదం, అడ్డంకి కలిగించినవారికి 5,000 రూపాయల వరకు జరిమానా ఉంది.

సాయం చేస్తే కేసుల్లో ఇరుక్కుంటామని భయపడేవారు చాలామంది. 2016 మార్చి 30న సుప్రీం కోర్టు ఇలాంటివారికి రక్షణ కల్పించింది. 2019లో చేసిన సవరణ ద్వారా 134-ఎ సెక్షను వచ్చింది. మంచి మనసుతో బాధితునికి సాయపడినవారిని వేధించకూడదని చట్టమే చెబుతున్నది. కాబట్టి ఆ భయం ఇప్పుడు సాకు కాకూడదు.

ఇతర దేశాల సంగతి కూడా ఒక మాట. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ప్రమాదపు బండిని లాగుకుపోయే వాహనంలో చీపురు, పార ఉండితీరాలి. బండితో పాటు గాజు పెంకులను కూడా ఎత్తవలసిన బాధ్యత లాగేవారిదేనని అక్కడి చట్టం. మన దగ్గర క్రేను బండిని ఎత్తుకుపోతుంది, పెంకులు మాత్రం నెలల తరబడి రోడ్డు అంచున మెరుస్తూ ఉంటాయి. మంచి పద్ధతి ఎక్కడున్నా నేర్చుకోవటంలో తప్పులేదు.

మన ఊళ్ళలో చూసేవి

మా వేటపాలెం, చీరాల ప్రాంతం మీదుగా 216వ జాతీయ రహదారి పోతున్నది. అటు మార్టూరు, చిలకలూరిపేట వైపు 16వ జాతీయ రహదారి ఉంది. మిర్చి కాలంలో గుంటూరు యార్డుకు వెళ్ళే లారీలు, పత్తి బోరేల ట్రాక్టర్లు, చీమకుర్తి రాళ్ళ ట్రెయిలర్లు రాత్రింబగళ్ళు తిరుగుతుంటాయి. ఈ దారుల్లో మేము తరచుగా చూసే కొన్ని అలవాట్ల గురించి చెప్పవలసి ఉంది.

ఒకటి: లారీ చెడిపోతే డ్రైవరు చుట్టూ పెద్ద రాళ్ళు పేర్చి, చెట్టు కొమ్మలు విరిచి పెడతాడు. హెచ్చరిక కోసం పెట్టటం మంచిదే. కాని లారీ బాగుకాగానే రాళ్ళను అక్కడే వదిలి వెళ్ళిపోతాడు. ఆ రాత్రి మోటారు సైకిలు మీద వచ్చేవాడు ఆ రాయికి గుద్దుకుని పడతాడు. ముళ్ళకొమ్మను తీసినవాడు స్వర్గార్హుడైతే, కొమ్మను పెట్టి వదిలేసినవాడి సంగతేమిటి? రాయి పెట్టినవాడే బాధ్యుడన్న మస్అలా పైన చదివాం.

రెండు: ధాన్యం, మొక్కజొన్న రోడ్డు మీద ఆరబోసి చుట్టూ రాళ్ళు పెట్టటం. గింజలు ఎత్తుకుపోతారు, రాళ్ళు ఉండిపోతాయి. రైతు కష్టం మాకు తెలుసు. కల్లాలు చాలని మాటా నిజమే. అయినా మన గింజలు ఆరటం కోసం మరొకరి ఇంట్లో దీపం ఆరిపోకూడదు.

మూడు: లారీ బోల్తాపడితే సరుకు మీద పడటం. నూనె డబ్బాలు, చేపలు, మిర్చి బస్తాలు ఎవరికి దొరికినవి వారు ఎత్తుకుపోతారు. డ్రైవరు రక్తమోడుతూ కేబినులో ఉంటాడు! ఇది పూర్తిగా హరామ్. సరుకు రోడ్డు మీద పడినంత మాత్రాన యజమాని హక్కు పోదు. 'అందరూ తీసుకుంటున్నారు' అనే మాట ప్రళయదినాన పనికిరాదు. ఆ సరుకును ఇంటికి తెచ్చే భర్తను, కొడుకును ఆపగల శక్తి ఇంటి ఇల్లాలికే ఎక్కువ. అటువంటిది మా పొయ్యి మీద పెట్టనని ఆమె ఒక్క మాట అంటే చాలు.

కొన్ని ముఖ్యమైన మస్అలాలు

1. శకలాలను ఊడ్చి దారిలోనే కుప్ప పెట్టవచ్చా? పెట్టకూడదు. దారి ఊడ్చినవాడికి ఊడ్చిన చోట జరిగినదానికి బాధ్యత లేదు. కాని చెత్తను దారిలోనే పోగుచేస్తే, దానికి ఎవరైనా తట్టుకుని పడితే అతనే బాధ్యుడని హిదాయాలో ఉంది. అలాగే ఒకడు పెట్టిన రాయిని మరొకడు దారిలోనే వేరే చోటికి జరిపితే, ఆ తర్వాత కలిగే హానికి జరిపినవాడే బాధ్యుడు. అంటే సగం పని పనికాదు. తీస్తే పూర్తిగా దారి బయటకు తీయాలి. పక్క పొలంలోకి విసరటం కూడా తగదు. గాజు పెంకు రైతు పాదాన్నో, పశువు డెక్కనో గుచ్చుకుంటుంది.

2. విరిగిన ముక్కలను తీసుకోవచ్చా? దారిలో పడివున్న ఒక ఖర్జూర పండును చూసి, అది సదఖాది కావచ్చన్న సందేహం లేకపోతే తినేవాణ్ణని దైవప్రవక్త (స) చెప్పారు (బుఖారీ, ముస్లిం). యజమాని వెతుక్కోని అల్ప వస్తువుల విషయంలో సౌలభ్యం ఉందని ఉలమా దీని నుంచి గ్రహించారు. గాజు పెంకులు ఎత్తి పారేయవచ్చు. కాని బ్యాటరీ, టైరు, ఫోను, నగలు, డబ్బు వంటివి అమానతు. యజమానికో, అతని వారికో, పోలీసులకో అప్పగించాలి.

3. పోలీసులు రాకముందే బండిని జరపవచ్చా? ముందుగా 112కు, గాయపడినవారి కోసం 108కి, జాతీయ రహదారి అయితే 1033కు ఫోను చేయాలి. ఎవరిది తప్పో తేలటానికి బండ్లు పడిన తీరు సాక్ష్యం. సాక్ష్యాన్ని చెరపటం ఒకరి హక్కును పోగొట్టటమే. కాబట్టి వెనుక వచ్చేవారిని హెచ్చరించి, పోలీసుల కోసం ఆగాలి. ప్రాణాపాయం ఉండి ఆగే వీలు లేకపోతే ఫోనులో ఫోటోలు తీసుకుని, ఇద్దరు సాక్షుల ఎదుట జరపాలి. ప్రాణరక్షణ అన్నిటికన్నా ముందు.

4. ప్రాణాలకు తెగించి రోడ్డు మధ్యకు పోవాలా? వద్దు. చేతులారా నాశనంలో పడవద్దని అల్లాహ్ బఖరా సూరాలో హెచ్చరించాడు. మీ బండిని రోడ్డు దించి ఆపండి. నాలుగు దీపాలూ వెలిగించండి. ఒకరు చాలా వెనక్కు నడిచి, రోడ్డు అంచున నిలబడి టార్చి ఊపుతూ వచ్చే బండ్లను నెమ్మదింపజేయాలి. ఆ తర్వాతే మిగిలినవారు పనిలోకి దిగాలి. అది వీలుకాకపోతే ఫోను చేసి హెచ్చరిస్తూ నిలబడటమే మీ వంతు సదఖా.

5. ఒలికిన డీజిలు, ఆయిలు మీద నీళ్ళు పోయవచ్చా? పోయకూడదు. నూనె నీటి మీద తేలి ఇంకా దూరం పాకుతుంది, రోడ్డు మరింత జారుతుంది. ఇసుక, మట్టి, రంపపు పొట్టు చల్లి, అది పీల్చుకున్నాక ఎత్తి దారి బయట వేయాలి. దగ్గరలో బీడీ, అగ్గిపుల్ల వెలిగించనివ్వకూడదు.

ఏం చేయగలం?

రహదారి పక్కనున్న ప్రతి ఊళ్ళో మసీదు ఉంటే, ఆ మసీదు కమిటీ ఒక చిన్న పని చేయవచ్చు. రెండు గట్టి చీపుర్లు, ఒక పార, ఒక తట్ట, రెండు గోతాల ఇసుక, ఒక టార్చి, మెరిసే జాకెట్లు రెండు ఒక మూలన ఉంచాలి. నలుగురు యువకులకు ఆ పని అప్పగించాలి. వీటికయ్యే ఖర్చు ఎక్కువేమీ కాదు. పక్కింటి హిందూ, క్రైస్తవ సోదరులు కూడా సంతోషంగా చేయి కలుపుతారు. మంచిలో పరస్పరం సహకరించుకోమన్నదే ఖుర్ఆన్ ఆదేశం.

ఇంట్లో తల్లులు పిల్లలకు ఒక అలవాటు నేర్పాలి. మక్తబ్‌కు వెళ్ళేటప్పుడు దారిలో రాయి, మేకు, పెంకు కనిపిస్తే చెప్పమనాలి. చేతికి తగలని దాన్ని వాళ్ళే పక్కకు తీయాలి, పదునైనదైతే పెద్దలను పిలవాలి. బండి నడిపే అన్నలు, నాన్నలు బయలుదేరేటప్పుడు తాళ్ళు, దీపాలు ఒకసారి చూసుకొమ్మని ఇంటివాళ్ళు గుర్తుచేయాలి.

తన దారిలో ఎవరో మిగిల్చిన కీడు లేకపోవటం వల్ల క్షేమంగా ఇల్లు చేరినవాడికి, దాన్ని ఎవరు తీశారో తెలియదు. కృతజ్ఞతలు చెప్పే అవకాశమే అతనికి లేదు. అటువంటి పని చూసేవాడు అల్లాహ్ ఒక్కడే. అణువంత మంచిని కూడా వదలకుండా చూపిస్తానని ఆయన వాగ్దానం చేశాడు.

ఓ అల్లాహ్! దారుల్లో ప్రాణాలు కోల్పోయినవారి కుటుంబాలకు సహనాన్ని ప్రసాదించు. మా చేతుల వల్ల, మా నిర్లక్ష్యం వల్ల నీ దాసుల్లో ఎవరికీ బాధ కలగకుండా కాపాడు. నీ దాసుల దారి నుంచి కీడును తీసే భాగ్యాన్ని మాకూ, మా సంతానానికీ ప్రసాదించు. ఆమీన్.